నవజాత శిశు స్క్రీనింగ్, ఎదుగుదల లోపాలు: ప్రాంతీయ సహకారం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తర్వాత మీరు:
• నవజాత శిశు స్క్రీనింగ్ అంటే ఏమిటో, అది ఎలా జరుగుతుందో వివరించగలుగుతారు.
• ఒక ఊరు లేదా ఒక ఆసుపత్రి ఒంటరిగా ఈ పని ఎందుకు చేయలేదో చెప్పగలుగుతారు.
• ఎదుగుదల లోపాలను గుర్తించే అంచెలను, వాటి మధ్య ఉండవలసిన సంబంధాన్ని తెలుసుకుంటారు.

1. పరిచయం

పసిబిడ్డ పెద్దగా ఏడవకుండా ఎక్కువసేపు నిద్రపోతుంటే మన ఇళ్లలో "బుద్ధిమంతుడు, తల్లిని సతాయించడు" అని మురిసిపోతారు. చాలాసార్లు అందులో తప్పేమీ లేదు. కాని కొద్దిమంది శిశువుల్లో ఆ మందకొడితనానికి కారణం థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోవడం. దీన్ని పుట్టుకతో వచ్చే హైపోథైరాయిడిజం అంటారు. మెదడు ఎదగడానికి థైరాయిడ్ హార్మోన్ తప్పనిసరి. పుట్టిన రెండు వారాల్లోపు థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే సాధారణంగా బిడ్డ తోటి పిల్లల్లాగే ఎదుగుతుంది. నెలలు గడిచాక మొదలుపెడితే అప్పటికే మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. మందు చౌకైనదే. అది సమయానికి అందడమే కష్టం.

ఈ లోపం ఉన్న శిశువుల్లో చాలామందికి పుట్టినప్పుడు ఏ లక్షణమూ కనిపించదు. అందువల్ల లక్షణాల కోసం ఎదురుచూడకుండా పుట్టిన ప్రతి బిడ్డకూ పరీక్ష చేయాలి. ఇదే నవజాత శిశు స్క్రీనింగ్.

2. పరీక్ష ఎలా చేస్తారు?

1960ల మొదట్లో అమెరికాకు చెందిన రాబర్ట్ గుత్రీ ఒక సులువైన పద్ధతిని ప్రవేశపెట్టారు. బిడ్డ మడమపై చిన్నగా గుచ్చి, కొన్ని రక్తపు చుక్కలను వడపోత కాగితంపై ఆరబెట్టడమే ఆ పద్ధతి. ఆయన దాన్ని ఫినైల్‌కీటోన్యూరియా అనే జీవక్రియా లోపాన్ని కనిపెట్టడానికి వాడారు. ఆరిన చుక్కను తపాలాలో కూడా పంపవచ్చు. అంటే బిడ్డ ఒకచోట, ప్రయోగశాల మరోచోట ఉన్నా పరీక్ష సాధ్యమే.

రక్తం తీసే సమయం ముఖ్యమైనది. పుట్టిన వెంటనే శిశువు రక్తంలో టి.ఎస్.హెచ్. సహజంగానే పెరుగుతుంది. కాబట్టి 48 నుంచి 72 గంటల మధ్య రక్తం తీయడం మంచిది. తల్లీబిడ్డలను అంతకుముందే ఇంటికి పంపే చోట బొడ్డుతాడు రక్తాన్ని వాడతారు. స్క్రీనింగ్‌లో తేడా కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. మరో రక్తపరీక్షతో నిర్ధారించుకోవాలి.

3. ఒక్క ఊరి పని ఎందుకు కాదు?

భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షించింది. సుమారు 1,130 మందిలో ఒకరికి ఈ లోపం ఉన్నట్లు తేలింది. ఈ అంకెను ఊరి స్థాయిలో ఆలోచించండి. ఏడాదికి వంద మంది పుట్టే ఊరిలో ఇటువంటి బిడ్డ సగటున పదకొండేళ్లకు ఒకరు కనిపిస్తారు. ఒక ఆశా కార్యకర్త తన ఉద్యోగకాలంలో ఒకరిద్దరిని మించి చూడకపోవచ్చు. కాబట్టి అనుభవంతో గుర్తుపట్టడం కుదరదు. ప్రయోగశాల విషయమూ ఇంతే. రోజూ వందల నమూనాలు వస్తేనే పరికరాల ఖర్చు గిట్టుబాటవుతుంది, ఫలితాల్లో నాణ్యత నిలుస్తుంది. అందుకే అనేక ఆసుపత్రులు, అనేక జిల్లాలు ఒక ప్రయోగశాలను పంచుకోవలసి ఉంటుంది.

4. తల్లిగారిల్లు, అత్తగారిల్లు

రంగారెడ్డి జిల్లాలోని రావిర్యాలను ఉదాహరణగా తీసుకుందాం. ఈ ఊరి కోడలు ఒకరు తొలి కాన్పుకు నల్గొండ జిల్లాలోని తల్లిగారింటికి వెళ్లారనుకోండి. కాన్పు అక్కడి ఆసుపత్రిలో జరిగింది, నమూనా హైదరాబాద్‌కు వెళ్లింది. ఫలితంలో తేడా ఉందని తెలిసేసరికి పది రోజులు గడిచాయి. ఆసుపత్రి రికార్డులో ఉన్నది భర్త ఫోన్ నంబరు, రావిర్యాల చిరునామా. రావిర్యాల ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళితే బిడ్డ అక్కడ లేదు. బిడ్డ ఉన్న ఊరి ఆశా కార్యకర్తకు కబురే అందలేదు. మిగిలినవి నాలుగు రోజులు.

ఇక్కడ ఎవరి తప్పూ లేదు. తొలి కాన్పు పుట్టింట జరగడం మన ఆచారం. వ్యవస్థే దానికి తగ్గట్టు ఉండాలి. రెండు ఇళ్ల చిరునామాలూ, ఇద్దరి ఫోన్ నంబర్లూ రాసుకోవాలి. ఒక జిల్లా సమాచారం మరో జిల్లాకు అదే రోజు చేరాలి. 2014 తర్వాత తల్లిగారిల్లు ఆంధ్రప్రదేశ్‌లో, అత్తగారిల్లు తెలంగాణలో ఉన్న కుటుంబాలకు ఇది రెండు రాష్ట్రాల మధ్య సహకారం కూడా. ఆశా కార్యకర్త 3, 7, 14 రోజుల్లో బాలింత ఇంటికి వెళ్లే ఏర్పాటు ఇప్పటికే ఉంది. ఆ సందర్శనల్లో "పరీక్ష చేశారా? ఫలితం వచ్చిందా?" అని అడగడం కొత్త ఖర్చు లేని పని.

5. రక్తపరీక్షకు అందని లోపాలు

వినికిడి లోపం, ఆటిజం, మాటలు ఆలస్యం కావడం వంటివి రక్తపు చుక్కలో తెలియవు. వినికిడిని నెలలోపు పరీక్షించి, మూడు నెలల్లోపు నిర్ధారించి, ఆరు నెలల్లోపు సహాయం మొదలుపెట్టాలన్నది నియమం. మిగిలిన వాటికి ఎదుగుదల మైలురాళ్లను గమనించాలి. రెండు నెలలకు పలకరిస్తే నవ్వడం, నాలుగు నెలలకు మెడ నిలపడం, రెండేళ్లకు రెండు పదాలు కలిపి మాట్లాడడం ఇందుకు ఉదాహరణలు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షిస్తుంది. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వెళతాయి. అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. ఈ పథకం మార్గదర్శకాల్లో పుట్టుకతో వచ్చే హైపోథైరాయిడిజాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారని గమనించండి.

ఈ రంగంలో తెలుగు నేలకు సొంత వనరు కూడా ఉంది. 1984లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ నేడు దివ్యాంగుల సాధికారతా సంస్థగా పనిచేస్తోంది. ఆటిజం తీవ్రతను కొలిచే 40 అంశాల భారతీయ కొలబద్దను రూపొందించింది ఈ సంస్థే.

6. ఇతర ప్రాంతాల అనుభవం

ఫిలిప్పీన్స్ 1996లో మనీలా పరిసరాల్లోని 24 ఆసుపత్రులతో స్క్రీనింగ్ మొదలుపెట్టింది. సొంత ప్రయోగశాల సిద్ధమయ్యేవరకు నమూనాలను ఆస్ట్రేలియాకు పంపింది. 2004లో చట్టం చేసింది. దక్షిణాసియాలో 2011 జులైలో ఢాకాలో జరిగిన సదస్సు ఆటిజంపై ఉమ్మడి ప్రకటన చేసింది. మరుసటి ఏడాది బంగ్లాదేశ్ చొరవతో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఈ అంశంపై తీర్మానం ఆమోదించింది. అన్ని వసతులూ సమకూరేదాకా ఆగకుండా, పొరుగువారి వద్ద ఉన్నదాన్ని పంచుకుంటూ పని మొదలుపెట్టవచ్చని ఈ అనుభవాలు చెబుతున్నాయి.

7. సారాంశం

స్క్రీనింగ్ అంటే పరీక్ష ఒక్కటే కాదు. నమూనా, ప్రయోగశాల, ఫలితం, కబురు, నిర్ధారణ, చికిత్స అన్నవి ఒక గొలుసు. ఒక్క కొక్కెం ఊడినా బిడ్డకు మందు అందదు. ఊళ్లు, జిల్లాలు, రాష్ట్రాల సరిహద్దులు దాటి ఆ గొలుసును రెండు వారాల్లోపు పూర్తి చేయడమే ప్రాంతీయ సహకారం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శిశువు రక్తాన్ని 48 గంటలు దాటాక తీయడం ఎందుకు మంచిది?
2. మీ ఊరిలో ఇటీవల కాన్పు జరిగిన ఒక కుటుంబంతో మాట్లాడండి. పైన చెప్పిన గొలుసులో ఏ కొక్కెం బలహీనంగా ఉందో పది వాక్యాల్లో రాయండి.