కండ జారిపోతోంది... చూశారా?

ఆపరేషనై ఇంటికొచ్చిన తాతయ్యకి పొద్దున జావ, మధ్యాహ్నం మెత్తటి చారన్నం, రాత్రి రెండు ఇడ్లీలు. పప్పు, గుడ్డు పెడితే అరగదేమోనని కోడలి భయం. లేచి నడిస్తే కుట్లు లాగుతాయేమోనని కొడుకు భయం. 'మీరు కదలకండి నాన్నా, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం' అంటాడు. అంతా ప్రేమే. నెల తిరిగేసరికి తాతయ్య వాచీ మోచేతిదాకా జారుతుంది. సీసా మూత తీయడానికీ ఎవరో ఒకరిని పిలవాల్సి వస్తుంది. 'జబ్బు మనిషిని పీల్చేసింది' అనుకుంటారంతా. నిజమే. కానీ కొంత పాపం పథ్యానిదీ, మంచానిదీ!

వయసుతోపాటు కండ తగ్గడాన్ని సార్కోపీనియా అంటారు. 1989లో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ పెట్టిన పేరది. జీర్ణకోశ క్యాన్సర్లలో ఇది మరీ వేధిస్తుంది. దెబ్బ తగిలేది తిండి దారికే కదా! అన్నవాహికలో గడ్డ ఉంటే ముద్ద దిగదు. పొట్టలో కొంత తీసేస్తే నాలుగు ముద్దలకే నిండిపోతుంది. క్లోమం దెబ్బతింటే తిన్న కొవ్వు అరగకుండానే బయటికి పోతుంది. పైగా క్యాన్సర్ వల్ల ఒంట్లో రగిలే ఇన్‌ఫ్లమేషన్ కండను కరిగిస్తుంది. 60 కిలోల మనిషి ఆర్నెల్లలో తనంతట తాను మూడు కిలోలకు మించి తగ్గాడంటే డాక్టర్లు తేలిగ్గా తీసుకోరు.

అలాగని కాటానే నమ్ముకోకూడదు. ఒంటికి నీరు పట్టినా, ముందునుంచీ లావుగా ఉన్నా అంకె బాగానే కనిపిస్తుంది. అందుకే పిడికిలి పట్టు చూస్తారు. డైనమోమీటర్ అనే చిన్న పరికరాన్ని గట్టిగా నొక్కమంటారు. మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల కన్నా తక్కువ వస్తే బలం తగ్గినట్లేనని ఆసియా నిపుణుల బృందం 2019లో లెక్క చెప్పింది. ఇంట్లోనైతే చేతులు కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కన మనిషి ఉండాలి సుమా! 12 సెకన్లు, అంతకు మించి పడితే డాక్టరు చెవిన వేయాల్సిందే. ఎందుకంటే కండ తక్కువున్న వాళ్లు కీమోని సరిగా తట్టుకోలేరు. మందు మోతాదు తగ్గించాల్సీ రావచ్చు.

మరి ఏం పెట్టాలి? క్యాన్సర్ రోగులకు కిలో బరువుకి రోజూ ఒక గ్రాముకి మించి, వీలైతే ఒకటిన్నర గ్రాముల దాకా ప్రొటీన్ అందాలన్నది యూరప్ పోషకాహార నిపుణుల సూచన. అంటే 60 కిలోల తాతయ్యకి 60 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఉండేది సుమారు ఆరు గ్రాములు, గ్లాసు పాలలోనూ దాదాపు అంతే. ఇక చారు నీళ్లలో ఎంతుంటుందో చెప్పక్కర్లేదు! ముద్దపప్పు, చేప, పెరుగు, పనీర్... ఏది సయిస్తే అది, కొంచెం కొంచెంగా అయిదారుసార్లు పెట్టాలి. జావే కావాలంటే అందులోనే పాలు, వేరుసెనగ పొడి కలపొచ్చు. కిడ్నీ జబ్బున్నా, ముద్ద దిగకపోయినా సొంత వైద్యం వద్దు, డైటీషియన్‌ని అడగాలి. 'బలమైన తిండి పెడితే గడ్డ పెరుగుతుంది' అనేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. అందుకు ఆధారాల్లేవు. పస్తులుంటే ముందు కరిగేది మనిషే.

తిండి ఒక్కటే చాలదు, కండకు పని చెప్పాలి. 2007లో వెలువడిన ఓ అమెరికా పరిశోధనలో, ఏ జబ్బూ లేని వృద్ధులే పది రోజులు మంచం మీద ఉండేసరికి కాళ్లలో కిలోకు దగ్గరగా కండ పోగొట్టుకున్నారు. అదే 2025లో వచ్చిన 'ఛాలెంజ్' అధ్యయనం చూడండి. ఆపరేషన్, కీమో అయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో సగంమంది చేత మూడేళ్లపాటు పద్ధతిగా వ్యాయామం చేయించారు. ఎనిమిదేళ్లకు వాళ్లలో 90 శాతం మంది బతికున్నారు. పుస్తకం చేతికిచ్చి సలహాతో సరిపెట్టిన వాళ్లలో 83 శాతమే. వాళ్లు చేసిందేమీ బ్రహ్మవిద్య కాదు. చాలామంది చేసింది చురుకైన నడకే!

తాతయ్య నడక వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికే కావచ్చు. డాక్టరు సరేనన్నాక మొదలుపెడితే చాలు. మనవడి చేయి పట్టుకుని రోజుకి రెండుసార్లు, ఆ తర్వాత ఓ ఉడికించిన గుడ్డు.