డిక్రీ తీరింది, మచ్చ తీరలేదు

స్నేహితుడొకడు కిరాణా కొట్టు కోసం వేరే బ్యాంకులో అప్పు తీసుకుంటే మా బావమరిది జామీను సంతకం పెట్టాడు. కొట్టు మూతపడింది, స్నేహితుడు ఊరు వదిలాడు. బ్యాంకు ఇద్దరి మీదా దావా వేసి డిక్రీ తెచ్చుకుంది. అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే అని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. మావాడికి ఆ సంగతి జీతం అటాచ్‌మెంట్ నోటీసు వచ్చాకే తెలిసింది. భార్య గాజులు కుదువపెట్టి, వడ్డీ, కోర్టు ఖర్చులతో సహా మొత్తం బ్యాంకులో కట్టేసి రసీదు తెచ్చుకున్నాడు.

ఆరేళ్ల తర్వాత ఫ్లాటుకు బయానా ఇచ్చి హోమ్ లోన్‌కి వెళితే, సిబిల్ రిపోర్టులో ‘సూట్ ఫైల్డ్’ అని ఉందని తిప్పి పంపారు. “కట్టేశాను గదా బావా, రసీదు కూడా ఉంది. ఇప్పుడు బయానా కూడా పోతుందా?” అని ఫోన్లో గొంతు పూడుకుపోతూ అడిగాడు.

నేను రికవరీ విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేశాను. డబ్బు రాగానే ‘హమ్మయ్య’ అనుకుని ఫైలు బీరువాలో పెట్టిన రోజులు నాకూ ఉన్నాయి. అందుకే పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుందో వెంటనే తట్టింది.

చాలామంది కోర్టే సిబిల్‌కి రాస్తుందనుకుంటారు. కాదు. రాసేది అప్పిచ్చిన బ్యాంకు. సరిచేయవలసిందీ అదే. సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు కంపెనీలూ బ్యాంకు పంపినదే చూపిస్తాయి. బ్యాంకు ఒప్పుకోకుండా వాటంతట అవి అక్షరం మార్చవు.

ముందు కోర్టు సంగతి చూశాం. డిక్రీ డబ్బు కోర్టు బయట కడితే ఆ విషయం కోర్టులో నమోదు కావాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 2వ రూలు అదే. వకీళ్లు దీన్ని ‘ఫుల్ శాటిస్‌ఫాక్షన్ మెమో’ అంటారు. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు లెక్కలోకి తీసుకోదు. డిక్రీ అమలుకు పన్నెండేళ్ల గడువుంది కాబట్టి, కట్టిన బాకీకే మళ్లీ ఇ.పి. వేసే ప్రమాదం కాగితం మీద ఉన్నట్టే. బాకీదారు తనే అర్జీ పెట్టుకోవాలంటే చెల్లించిన 30 రోజుల్లోపు పెట్టాలి. మావాడికి అది ఎప్పుడో దాటిపోయింది. ఇక డిక్రీదారైన బ్యాంకే వచ్చి ‘మాకు పూర్తిగా ముట్టింది’ అని చెప్పాలి. రసీదు పట్టుకుని ఆ శాఖకు వెళ్లాం. మేనేజరు కొత్తాయన, పాత ఫైలు దొరకలేదు. మూడుసార్లు తిరిగాక బ్యాంకు వకీలు మెమో దాఖలు చేశాడు. కోర్టు ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకున్నాం. బ్యాంకు నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ కూడా తీసుకున్నాం.

అప్పుడు సిబిల్ వెబ్‌సైటులో డిస్‌ప్యూట్ వేశాం. ఏటా ఒక్కో కంపెనీ నుంచి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా వస్తుంది, అందుకు డబ్బు కట్టనక్కరలేదు. ఫిర్యాదు 30 రోజుల్లో తేలాలి. తేలకపోతే ఆపై రోజుకు వంద రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఆ 30 రోజుల్లో సవరణ పంపడానికి బ్యాంకుకు ఉన్నది 21 రోజులే. అక్కడా తేలకపోతే ఓంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి రుసుము లేదు.

ఒక్క మాట. మావాడు పైసాతో సహా కట్టాడు కనుక ‘క్లోజ్డ్’ అని అడగగలిగాం. రాజీకి వచ్చి తక్కువ కట్టినవారికి ‘సెటిల్డ్’ అని పడుతుంది. అది నిజమే కాబట్టి డిస్‌ప్యూట్ నిలవదు. మాఫీ చేసిన మిగతా మొత్తం కూడా కట్టి, ‘క్లోజ్డ్’గా మార్చమని బ్యాంకును అడగడమొక్కటే దారి. కాబట్టి రాజీ కాగితం మీద సంతకం పెట్టేముందే రిపోర్టులో ఏమని రాస్తారో అడగండి. డబ్బిస్తే చెరిపేస్తామని ఫోన్లు చేసే ఏజెంట్లున్నారు. మా బావమరిదికీ ఒకడు పదిహేను వేలు అడిగాడు. నిజమైన చరిత్రను ఎవరూ చెరపలేరు, తప్పుడు నమోదును మనమే ఉచితంగా సరిచేయించుకోవచ్చు. ఇక ఆ పదిహేను వేలు దేనికి?

ఇరవై ఆరో రోజున సిబిల్‌లో సవరణ వచ్చింది. ఫ్లాటు యజమాని మంచివాడు, గడువు నెల పొడిగించాడు. లోన్ ఇచ్చే బ్యాంకు మాత్రం ఇంకో కంపెనీ రిపోర్టు కూడా తీసి చూసింది. అందులో పాత మాటే ఉంది. మళ్లీ అవే కాగితాలు, మళ్లీ ఇంకో డిస్‌ప్యూట్. ఈసారి నాలుగు కంపెనీల రిపోర్టులూ ఒకేసారి తెప్పించుకున్నాం.