పులిరాజా ప్రశ్నకు జవాబు మనకు తెలుసా?

హెచ్‌ఐవీ పేరు వినని ఊరు లేదు. దాని గురించి సరిగ్గా తెలిసినవాళ్లు మాత్రం ఇప్పటికీ తక్కువే. ఆ తెలియనితనమే జబ్బును చీకట్లో దాచి పెంచుతోంది.

‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ ఇరవై ఏళ్ల కిందట ఆంధ్రదేశంలో గోడల మీదా హోర్డింగుల మీదా కనిపించిన ప్రశ్న ఇది. 2002 చివర్లో ముంబయిలో బల్బీర్ పాషా పేరుతో మొదలైన ప్రచారం తెలుగునేలకు వచ్చేసరికి పులిరాజాగా మారింది. ఇంట్లో ఎత్తడానికి సిగ్గుపడే మాటను ఆ ప్రశ్న రచ్చబండ మీదికి తెచ్చింది. అది చిన్న మేలు కాదు.

మరి జవాబు ఎంతమందికి తెలుసు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15–49 ఏళ్లవారిని ఇదే అడిగింది. కండోమ్ వాడితే, ఇన్ఫెక్షన్ లేని ఒకే భాగస్వామితో ఉంటే ముప్పు తగ్గుతుందని తెలియాలి. ఆరోగ్యంగా కనిపించేవారికీ హెచ్‌ఐవీ ఉండొచ్చని తెలియాలి. బాగా వ్యాపించిన అపోహలను కాదనగలగాలి. దేశం మొత్తంలో ఈ పరీక్ష నెగ్గినవారు స్త్రీలలో 21.6 శాతం, పురుషులలో 30.7 శాతం. 2015–16లో ఈ అంకెలు 20.9, 32.3. అంటే మగవాళ్ల అవగాహన పెరగకపోగా తగ్గింది. ప్రచారం సద్దుమణిగింది, దాన్ని చూడని తరం పెరిగి పెద్దదైంది. ఆంధ్రప్రదేశ్‌కు మాత్రం నిశ్చింతగా ఉండే వీలు లేదు. 2023 అంచనాల ప్రకారం పెద్దవారిలో హెచ్‌ఐవీ దేశంలో 0.20 శాతం ఉంటే, ఇక్కడ 0.62 శాతం.

కొండాపురంలో అడిగితే

ముద్దనూరు, తాడిపత్రిల మధ్య, ముంబయి–చెన్నై రైలుమార్గం మీద ఉంది కడప జిల్లా కొండాపురం. గండికోట జలాశయం ముంపులో ఊళ్లు పోగొట్టుకుని కొత్తచోట కొత్త ఇరుగుపొరుగుతో బతుకు మొదలుపెట్టిన కుటుంబాలు ఈ మండలంలో ఉన్నాయి. ఇక్కడి బస్టాండులో, కాలేజీలో, పొదుపు సంఘం సమావేశంలో కింది ఐదు ప్రశ్నలూ అడగాలి.

దుక్కలా ఉన్న మనిషికి హెచ్‌ఐవీ ఉండొచ్చా? ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఏ లక్షణమూ బయటపడకపోవచ్చు. రక్తపరీక్ష తప్ప వేరే గుర్తు లేదు. వైరస్ సోకిన కొత్తలో పరీక్షకు అందకపోవచ్చు కాబట్టి అనుమానం ఉంటే మూడు నెలలకు మళ్లీ చేయించుకోవాలి.

ఒకే కంచంలో తింటే, దోమ కుడితే వస్తుందా? రాదు. రక్షణ లేని లైంగిక సంబంధం, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం, తల్లి నుంచి బిడ్డకు చేరడం. ముఖ్యమైన దారులు ఇవే.

తల్లికి ఉంటే బిడ్డకూ తప్పదా? తప్పించవచ్చు. చికిత్స లేకపోతే ముప్పు 15 నుంచి 45 శాతం. గర్భిణిగా ఉన్నప్పుడే పరీక్ష చేయించి, తల్లికి మందులు, బిడ్డకు మందు చుక్కలు సరిగ్గా అందిస్తే 5 శాతం లోపే.

వచ్చిందంటే చావేనా? కాదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం వైరస్‌ను అణచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. వేళ తప్పకుండా వాడితే వైరస్ అణగి, అందరిలాగే పనిచేసుకుంటూ చాలాకాలం బతకవచ్చు. రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి అలాగే నిలిస్తే, లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి సోకదు. చాలామందికి అందని గొప్ప కబురు ఇది.

ఉద్యోగం నుంచి, బడి నుంచి తీసేయవచ్చా? చట్టం ఒప్పుకోదు. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. చదువులో, కొలువులో, వైద్యంలో వివక్ష చూపడాన్ని అది నిషేధించింది. మనిషి ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయడం, ఫలితం బయటపెట్టడం కూడా కుదరదు.

ఎవరి కోసం ఈ జవాబులు?

ఈ జవాబులు హెచ్‌ఐవీ ఉన్నవారికే కావాలనుకుంటాం. నిజానికి లేనివారికే ఎక్కువ అవసరం. “వాళ్లింట్లో నీళ్లు తాగొద్దు” అనే ఒక్క మాట చాలు, అనుమానం ఉన్న మనిషి ఆసుపత్రి గుమ్మం తొక్కకుండా ఆగిపోవడానికి. ప్రొద్దుటూరు, కడప పెద్దాసుపత్రుల్లో పరీక్ష ఉచితం, గోప్యం. అయినా అక్కడ తెలిసిన మొహం కనబడుతుందేమోనన్న భయంతో వెనక్కి తగ్గేవారుంటారు. పరీక్ష చేయించుకోనివారికి మందు అందదు. మందు అందనివారిలో వైరస్ అణగదు, ఇంకొకరికి చేరుతుంది. పొరుగువాడి అజ్ఞానం జబ్బుకు ఇలా తోడ్పడుతుంది.

దారి చూపే ఉదాహరణా మన పక్కనే ఉంది. బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఆసుపత్రి హెచ్‌ఐవీ ఉన్నవారికి ఏళ్లుగా ప్రత్యేక వైద్యం అందిస్తోంది. పల్లెవాసులకు మంచి చికిత్స అందించవచ్చని అది రుజువు చేసింది. ఇక మిగిలింది మన వంతు. కాలేజీల్లో రెడ్ రిబ్బన్ క్లబ్బులు డిసెంబరు 1 ఎయిడ్స్ దినం ర్యాలీతో ఆగిపోకుండా ఏడాదంతా ఈ ప్రశ్నలు అడగాలి. ఆశా కార్యకర్తలు, పొదుపు సంఘాలు, ఉపాధ్యాయులు ఇంటింటికీ జవాబులు చేర్చాలి. సందేహం ఉంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మందు ప్రభుత్వం ఇస్తోంది, చట్టం రక్షణ ఇస్తోంది. ఆ రెండూ మనిషికి అందాలంటే, అతను భయపడకుండా పరీక్షకు వెళ్లగల ఊరు కావాలి. అలాంటి ఊరిని తయారుచేసుకోవడం మన చేతుల్లోని పని.