ఓటమికి కారణం ఎవరు? – డార్క్ సోల్స్ ఆటలు, ఆటగాడి దృక్పథం

క్రితం భాగంలో థార్న్‌డైక్ యత్నదోష అభ్యసనం గురించి చదివారు. పెట్టెలో బంధించిన పిల్లి గీకి, కొరికి, చివరకు ఎలాగో తలుపు తీసుకుని బయటపడుతుంది. మళ్ళీ మళ్ళీ పెట్టెలో పెడితే బయటపడే సమయం తగ్గుతూ వస్తుంది. మనిషి కూడా ఇలా నేర్చుకుంటాడు. కానీ మనిషి విషయంలో అదనంగా ఒకటి ఉంది. ఓడిన ప్రతిసారీ ఎందుకు ఓడాడో తనకు తాను ఒక కారణం చెప్పుకుంటాడు. ఆ కారణాలు అలవాటుగా మారితే వాటినే మనం దృక్పథం అంటాం. ఈ భాగంలో ఒక వీడియో గేమ్ వరుస ఆధారంగా ఈ విషయాన్ని పరిశీలిద్దాం. హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఉద్యోగం చేస్తూ ఈ కోర్సు చదువుతున్న మీలో కొందరికి ఈ ఆటలు తెలిసే ఉంటాయి. తెలియకపోయినా పాఠం అర్థమవుతుంది.

ఆట నియమాలు

జపాన్‌లోని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2009లో 'డీమన్స్ సోల్స్', 2011లో 'డార్క్ సోల్స్' విడుదల చేసింది. 2014, 2016లలో మరో రెండు భాగాలు, 2022లో అదే పద్ధతిలో 'ఎల్డెన్ రింగ్' వచ్చాయి. ఈ వరుసకు రూపమిచ్చిన దర్శకుడు హిడెటాకా మియజాకి. ఆయన నేపథ్యం సైబరాబాద్ పాఠకులకు కొత్తగా అనిపించదు. హైదరాబాద్‌లోనూ పెద్ద కేంద్రం ఉన్న ఒరాకిల్ సంస్థలో ఆయన ఉద్యోగి. స్నేహితుడు చెప్పగా 'ఇకో' అనే ఆట ఆడి, ఇదే తన పని అనుకున్నారు. 2004లో, ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో, తక్కువ జీతానికి ఒప్పుకుని ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌లో చేరారు. అప్పటికే గాడి తప్పిన ప్రాజెక్టుగా పేరుపడిన డీమన్స్ సోల్స్‌ను తరువాత తన చేతిలోకి తీసుకున్నారు.

ఈ ఆటల్లో చావు చాలా మామూలు విషయం. శత్రువులను చంపితే వచ్చే 'సోల్స్' డబ్బుగానూ పనికొస్తాయి, బలం పెంచుకోవడానికీ పనికొస్తాయి. చనిపోతే అవన్నీ చనిపోయిన చోటే పడి ఉంటాయి. మీరు వెనుక ఎక్కడో చలిమంట దగ్గర లేస్తారు. అక్కడిదాకా తిరిగి వెళ్ళగలిగితే అవి మళ్ళీ మీవే. దారిలో ఇంకోసారి చనిపోతే శాశ్వతంగా పోతాయి. ఈలోగా చంపిన శత్రువుల్లో దాదాపు అందరూ లేచి, తమ పాత చోట్లలోనే నిలబడి ఉంటారు.

ఈ చివరి మాట ముఖ్యం. మూల మలుపులో నక్కినవాడు రేపు కూడా ఆ మూలలోనే ఉంటాడు. కత్తి ఎత్తి, క్షణం ఆగి, అప్పుడే దించుతాడు. అంటే ఓటమికి కారణం కంటికి కనిపిస్తుంది, మారకుండా ఉంటుంది, ఆటగాడి నష్టానికీ ఒక హద్దు ఉంది.

కారణాలను ఎలా చెప్పుకుంటాం?

బెర్నార్డ్ వైనర్ కారణారోపణ సిద్ధాంతం ప్రకారం, జయాపజయాలకు మనం చెప్పుకునే కారణాలను మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. కారణం నాలో ఉందా, బయట ఉందా? అది స్థిరమైనదా, మారేదా? నా అదుపులో ఉందా, లేదా? "నాకు చేతకాదు" అన్నవాడు లోపల ఉన్న, మారని, అదుపులో లేని కారణం చెబుతున్నాడు. "తొందరపడి ముందే దూకాను" అన్నవాడిదీ లోపలి కారణమే, కానీ అది మారేది, అదుపులో ఉన్నది. డార్క్ సోల్స్ ఆటగాడిని మొదటి వాక్యం నుంచి రెండో వాక్యానికి తీసుకొస్తుంది. ముప్పై సార్లు ఓడిన రాక్షసుడిని ముప్పై ఒకటోసారి గెలిచినవాడికి మొదటి వాక్యం నమ్మబుద్ధి కాదు.

ఇక్కడ సెలిగ్‌మన్, మేయర్ పరిశోధన గుర్తుచేసుకోండి. తప్పించుకునే వీలులేని విద్యుత్ ఘాతాలకు గురైన కుక్కలు, తరువాత వీలున్నప్పుడు కూడా ప్రయత్నించలేదని వారు 1967లో చూపారు. దాన్ని నేర్చుకున్న నిస్సహాయత అన్నారు. దాదాపు యాభై ఏళ్ళ తరువాత, 2016లో, ఆ ఇద్దరే తమ మాటను తిరగరాశారు. దీర్ఘమైన బాధ ముందు చేతులెత్తేయడం సహజ ప్రతిస్పందనే, నిజానికి నేర్చుకునేది 'నా చేతిలో ఉంది' అన్న ఎరుకను అన్నారు. పాఠ్యపుస్తకాల్లో ఈ సవరణ ఇంకా పెద్దగా కనిపించదు, అది విచారకరం.

ఒంటరి ఆటేనా?

పూర్తిగా కాదు. ఇతర ఆటగాళ్ళు రాసిపెట్టిన చిన్న సందేశాలు నేలమీద కనిపిస్తాయి. ఎవరో చనిపోయిన చోట నెత్తుటి మరకను తాకితే వారి చివరి క్షణాలు నీడలా కదులుతాయి. డీమన్స్ సోల్స్‌లో మీ సందేశాన్ని ఎవరైనా మెచ్చుకుంటే మీ ప్రాణశక్తి కొంత తిరిగి వస్తుంది. మంచు కురిసిన ఎత్తులో కార్లు నిలిచిపోతే వెనుకవారు ముందువారిని నెట్టారని, ఆగితే మళ్ళీ ఇరుక్కుంటామని కృతజ్ఞత కూడా చెప్పలేకపోయారని, ఆ అనుభవం నుంచే ఈ ఆలోచన పుట్టిందని మియజాకి ఒక ఇంటర్వ్యూలో చెప్పారు.

ఆట నుంచి ఆఫీసుకు

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆటలో వచ్చిన ఓర్పు పనిలోకి వస్తుందా? అభ్యసన బదలాయింపుపై థార్న్‌డైక్, వుడ్‌వర్త్ 1901లో చెప్పింది ఇప్పటికీ మంచి కొలబద్ద. రెండు పనుల్లో ఒకే రకమైన అంశాలు ఎంత ఉంటే బదలాయింపు అంత జరుగుతుంది.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే ఒక యువతిని ఊహించుకోండి. రాత్రి షిఫ్టులో చెల్లింపుల పేజీ పనిచేయడం ఆగిపోయింది. ఆమె లాగ్ తెరిచి ఏ అడుగులో ఆగిందో చూస్తుంది, అదే తప్పును మళ్ళీ రప్పిస్తుంది, ఒక్కో మార్పు చేసి పరీక్షిస్తుంది. కారణం కనిపిస్తోంది, తప్పు మళ్ళీ అలాగే వస్తోంది, ప్రయత్నించడానికి ఇంకో అవకాశం ఉంది. ఆటలోని అంశాలే ఇవి. ఇక్కడ ఆమె ఓర్పు పనికొస్తుంది.

మూడు నెలల తరువాత ఎక్కడో విదేశంలోని క్లయింట్ ప్రాజెక్టును మూసేశాడనుకోండి. ఆమెను బెంచ్ మీద కూర్చోబెట్టారు, ఆపైన ఉద్యోగం పోయింది. 2022 చివరి నుంచి 2023లో ప్రపంచమంతటా టెక్ సంస్థలు ఉద్యోగాలు తగ్గించినప్పుడు ఇలాంటి స్థితి చాలామందికి ఎదురైంది. ఇక్కడ కారణం ఆమెకు కనిపించదు, ఆమె అదుపులో లేదు, నష్టానికీ హద్దు లేదు. హాస్టల్ అద్దె, ఇంటికి పంపే డబ్బు, చదువు కోసం తీసుకున్న అప్పు అన్నీ దానికి ముడిపడి ఉన్నాయి. అయినా ఆట అలవాటు చేసిన వాక్యమే నోటికొస్తుంది: "ఇంకో సర్టిఫికేషన్ చేసి ఉంటే ఇలా అయ్యేది కాదు." కష్టంగా ఉందని ఎవరైనా అంటే ఈ ఆటగాళ్ళు ఎగతాళిగా 'గిట్ గుడ్' అంటారు, బాగా ఆడటం నేర్చుకో అని. తోటి ఆటగాడి మీద విసిరినప్పుడు అది సరదా. ఉద్యోగం పోయిన మనిషి తనకు తానే చెప్పుకుంటే అది అన్యాయం. అందువల్ల కష్టమైన ఆటలు మనిషిని గట్టిపరుస్తాయన్న మాటను నేను సగమే ఒప్పుకుంటాను.

మిగతా సగానికి సమాధానం డార్క్ సోల్స్ ఆరంభంలోనే ఉంది. చెరసాల నుంచి బయటికి వస్తూనే ఒక భారీ రాక్షసుడు పైనుంచి దూకుతాడు. మీ చేతిలో ఉన్నది విరిగిన కత్తి పిడి. చాలామంది కొత్త ఆటగాళ్ళు దానితోనే కొట్టి కొట్టి చనిపోతారు. ఆ గది పక్క గోడలో ఒక ద్వారం తెరిచే ఉంటుంది. పారిపోవాలి. కొంతసేపటికి ఆయుధంతో, పై అంతస్తు నుంచి, రాక్షసుడి తలమీదికి దూకే అవకాశం వస్తుంది. మొదట ఓడినవాడికి లోపించింది నైపుణ్యం కాదు, ఆయుధం.

చేసి చూడండి: ఈ ఏడాది మీకు ఎదురైన రెండు వైఫల్యాలు నోట్‌బుక్‌లో రాయండి. ఒకటి చదువుకో, పనికో సంబంధించినది, ఇంకొకటి మీ చేతిలో లేదని మీకు అనిపించినది. రెండింటికీ వైనర్ మూడు ప్రశ్నలు వేసి, మీరు అప్పట్లో చెప్పుకున్న కారణాన్ని ఇప్పుడు వచ్చిన జవాబుతో పోల్చండి. తేడా ఉంటే దాన్ని సంప్రదింపు తరగతిలో చర్చించండి.