వెనక్కి చూపే తెర ముందు వెలగాలి

హిందుస్తాన్ మోటార్స్ తిరువళ్ళూరు ఫ్యాక్టరీలో 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ కార్లు తయారయ్యాయి. మొదట్లో వచ్చిన ఆ కార్లలో దారి చూపే తెర లేదు, వెనక కెమెరా లేదు. అలాంటి పాత కారుకు ఆ రెండూ సొంతంగా అమర్చుకోవాలనుకునేవాళ్ళు తిరుత్తణిలో లోకల్ రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్తే కావలసిన సామాను దొరుకుతుంది. ఏడంగుళాల మానిటర్, చిన్న కెమెరా, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్, జీపీఎస్ మాడ్యూల్, 12 వోల్టులను 5కి దించే కన్వర్టర్, నాలుగు ఫ్యూజులు. కష్టమంతా వీటిని ఎలా కలపాలన్న దగ్గరే.

చాలామంది కెమెరాను కూడా కంప్యూటర్‌కే కలిపేస్తారు. అన్నీ ఒకచోట ఉంటే ముచ్చటగానే ఉంటుంది, కానీ నా లెక్కలో అది పొరపాటు. పొద్దున్నే ఇరుకు సందులోంచి కారు తీసేటప్పుడు మొదట వేసేది రివర్స్ గేరే. కంప్యూటర్ లేవడానికి అర నిమిషం దాకా పట్టవచ్చు. ఆ అర నిమిషంలోనే వెనక పిల్లవాడు ఉండొచ్చు, మేక ఉండొచ్చు. మ్యాపు కాస్త ఆలస్యమైతే కొంప మునగదు.

అందుకే రెండు వీడియో ఇన్‌పుట్లున్న మానిటర్ కొనాలి. ఒకదానికి కంప్యూటర్, రెండోదానికి నేరుగా కెమెరా. రివర్స్ గేరు వేసినప్పుడే వెనక తెల్ల లైటుకు 12 వోల్టులు వస్తాయి కదా, కెమెరాకు కరెంటు అక్కడినుంచే తీసుకోవాలి. అదే వైరు నుంచి ఇంకో పాయను మానిటర్ ట్రిగ్గర్ వైరుకు కలిపితే, గేరు పడగానే తెర తనంతట తానే కెమెరాకు మారుతుంది. మధ్యలో సాఫ్ట్‌వేర్ ఏమీ లేదు, కాబట్టి కంప్యూటర్ మొరాయించినా బొమ్మ వస్తుంది. కొత్త కార్లలో ఎల్‌ఈడీ రివర్స్ లైట్లుంటే బొమ్మ అదరవచ్చు, అప్పుడు మధ్యలో రిలే పెట్టించాలి.

వెనక కెమెరా బొమ్మ అద్దంలోలా కుడి ఎడమలు తిరగేసి ఉండాలి. ముందువైపు పెట్టే కెమెరాను వెనక బిగిస్తే కుడివైపు గోడ ఎడమవైపు కనిపిస్తుంది. చవక కెమెరాలు గీసే రంగు గీతలకు మీ కారు వెడల్పు తెలియదు. కారు వెనక నేలమీద మీటరుకొకటి చొప్పున సుద్దగీతలు గీసి, తెరమీద ఏది ఎక్కడ పడుతోందో ఒకసారి చూసుకోవాలి.

ఇక దారి సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ గడియారం ఎంత చూపిస్తోందో చెబుతూ ఉంటాయి. ఆ సంకేతం ఎంత ఆలస్యంగా అందిందో చూసి మాడ్యూల్ దూరం లెక్కగడుతుంది. సెకనులో పదిలక్షల వంతు తేడా వస్తే 300 మీటర్లు తప్పిపోతాం. మాడ్యూల్‌లోని చవక గడియారం అంత కచ్చితంగా ఉండదు. ఆ తప్పును కూడా లెక్కలోకి తెచ్చి సరిచేయడానికే మూడు చాలక నాలుగో ఉపగ్రహం కావాలి. ఇంత చేసినా కొన్ని మీటర్ల తేడా మిగులుతుంది. తిరుత్తణి కొండమీద ఆకాశం విశాలంగా కనిపిస్తుంది కాబట్టి చిక్కు లేదు. హైవే పక్కనే సర్వీసు రోడ్డు ఉన్నచోట మాత్రం మీరు ఏ రోడ్డుమీద ఉన్నారో మాడ్యూల్ తేల్చుకోలేకపోవచ్చు.

పులికాట్ సరస్సు దక్షిణపు కొస తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఆ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న శ్రీహరికోట నుంచే, జీపీఎస్‌లాగే దారి చూపే మన నావిక్ వ్యవస్థ తొలి ఉపగ్రహం 2013 జూలై 1న ఎగిరింది. ఇంత దగ్గరి చుట్టమైనా, రిచీ స్ట్రీట్‌లో చవకగా దొరికే నియో-6ఎం మాడ్యూల్ దాని మాట వినలేదు. అది జీపీఎస్ ఒక్కదాన్నే అందుకుంటుంది. నావిక్ కావాలంటే ఆ మాట అడిగి మరీ కొనాలి.

మ్యాపుకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఉంది. ఒకసారి దించుకుంటే సెల్ సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. అందులో ఒక ఊరికి తమిళం పేరు, తెలుగు పేరు విడివిడిగా రాయవచ్చు. 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి ప్రాంతానికి ఇది బాగా పనికొచ్చే సదుపాయం. తెలుగు పేరు లేని పల్లె కనిపిస్తే మీరే చేర్చవచ్చు.

ఎక్కువ పరికరాలు చచ్చేది కరెంటు దగ్గరే. కారు బ్యాటరీని 12 వోల్టులంటాం గాని, ఇంజను నడుస్తుంటే 14 దాటుతుంది, స్టార్ట్ చేసే క్షణంలో పదికంటే దిగవచ్చు. ఆ కుదుపుకు కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలవుతుంది. తాళం తీయగానే కరెంటు తటాలున పోతే మెమరీ కార్డు పాడయ్యే ప్రమాదం ఉంది. కార్ల కోసమే చేసిన కన్వర్టర్ తీసుకోవాలి. తాళం తీశాక కంప్యూటర్‌ను పద్ధతిగా ఆపి, ఆ తర్వాతే కరెంటు కత్తిరించే చిన్న సర్క్యూట్ కూడా ఉండాలి. ఫ్యూజు మానిటర్ దగ్గర కాదు, కరెంటు తీసుకున్నచోటే వేయాలి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి వెళ్ళకూడదు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట తెర బిగించకూడదు.

2019 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు రివర్స్ సెన్సార్లు తప్పనిసరి. పాత కారుకు కెమెరాతోపాటు అవి కూడా పెట్టించుకోవడం మంచిది, వాన నీళ్ళు లెన్సుమీద నిలిచినప్పుడు సెన్సార్ల కూతే ఆధారం.

బిగింపు పూర్తయ్యాక కంప్యూటర్ ప్లగ్గు పీకేసి, తాళం తిప్పి రివర్స్ గేరు వేయండి. వెంటనే బొమ్మ రాకపోతే వైర్లు మళ్ళీ విప్పాల్సిందే.