కాళ్లకు సై అన్నరు.. తలకాయకు నై అన్నరు

ఫుట్‌బాల్ అంటే మనకు యాదికొచ్చేది మెస్సీ, రొనాల్డో. అమెరికోళ్లు ఫుట్‌బాల్ అనేది వేరే ఆట. అండ్ల కాలు పని తక్కువ, చెయ్యి పని ఎక్కువ. రెండు దిక్కుల మొనలున్న బంతి, నెత్తికి హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు, ఒకని మీద ఒకడు పడి గుద్దుకునుడు. రీల్స్‌ల చూసి ‘ఇది కుస్తీనా, కబడ్డీనా’ అని నవ్వేటోళ్లు మస్తుమంది ఉన్నరు. గా ఆటల ఒక మనిషి ముచ్చట ఇయ్యాల చెప్త. పేరు వారెన్ మూన్. ఆట మీద ఇష్టం లేకున్నా చదువున్రి. ఎందుకంటే ఇది ‘తెలివి ఎవలికి ఉంటది, ఎవలికి ఉండది’ అని ముందుగాలనే రాసిపెట్టుకున్నోళ్ల ముచ్చట.

మొదలు క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో తెల్వాలె. ఒక్కో దిక్కు 11 మంది ఆడుతరు. బంతి ఉన్న టీంకు నాలుగు ఛాన్సులు. గా నాలుగింట్ల 10 గజాలు ముందుకు పోతే మల్ల నాలుగు దొరుకుతయి, లేకుంటే బంతి అవతలోళ్లకు పోతది. ఇంచుమించు ప్రతి ఛాన్స్‌ల బంతి ముందుగాల అందేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. అవతలి టీం ఎట్ల నిలబడ్డదో చూసుడు, తనోళ్లల్ల ఎవరు ఎటు ఉరకాల్నో చెప్పుడు ఆయన పని. బంతి చేతికొచ్చినంక రెండు మూడు సెకండ్లే టైం. గప్పటికే 130 కిలోల మనిషి మీదికి ఉరికొస్తుంటడు. అంతల్నే ఖాళీగ ఉన్న తన మనిషిని చూసుకోవాలె. బంతి ఇసరాల్సింది వాడు ఉన్నకాడికి కాదు, ఇంకో సెకండ్‌కు వాడు చేరే జాగకు. క్రికెట్‌ల కెప్టెనూ బౌలరూ ఒక్కడే అయ్యి, ప్రతి బాల్ ఆయనే వేస్తే ఎట్లుంటదో గట్లనుకోన్రి. అందుకే జీతం, పేరు ఎక్కువ ఆయనకే. ఓడితే తిట్లు గూడ ఆయనకే.

ఇగ అసలు సంగతికొద్దాం. అమెరికాల పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. 1934 నుంచి 1945 దాక అండ్ల ఒక్క నల్లజాతి ఆటగాడు గూడ లేడు. 1946 నుంచి మల్ల రానిచ్చిన్రు. కానీ ఏ జాగలకు? ఉరికేకాడ, బంతి పట్టేకాడ, అడ్డం పోయి ఆపేకాడ. నడిమిట్ల నిలబడి ఆటను నడిపే జాగలు మాత్రం తెల్లోళ్లకే. సమాజశాస్త్రం చదివినోళ్లు దీనికి ‘స్టాకింగ్’ అని పేరు పెట్టిన్రు. రూల్ బుక్కుల ఇది యాడ లేదు. ‘వీళ్లకు ఉరుకుడు వస్తది గానీ ఆలోచన రాదు, వీళ్ల మాట మిగతోళ్లు ఇనరు’ అనే నమ్మకమే రూల్ అయ్యింది.

ఈ నమ్మకం ఎట్ల పనిచేసిందో మార్లిన్ బ్రిస్కో కథల కనవడ్తది. 1968ల డెన్వర్ టీంల గాయాల వల్ల జాగ ఖాళీ అయితే ఈయనకు క్వార్టర్‌బ్యాక్ ఛాన్స్ దొరికింది. గా ఒక్క సీజన్‌లనే 14 టచ్‌డౌన్ పాసులు ఇసిరిండు. మరుసటేడు ఆ జాగ ఆయనకు ఇయ్యలే. బఫెలోకు పోయి బంతి పట్టే రిసీవర్‌గ మారిండు. అండ్ల గూడ మంచిగ ఆడిండు, మయామీ టీంతోని రెండు సూపర్ బౌల్స్ గెలిచిండు. కానీ క్వార్టర్‌బ్యాక్ జాగ మల్ల దొరకలే.

వారెన్ మూన్ 1956ల లాస్ ఏంజెలెస్‌ల పుట్టిండు. ఏడేండ్లప్పుడు తండ్రి సచ్చిపోయిండు. తల్లి నర్సు. ఆరుగురు అక్కజెల్లెండ్ల నడుమ ఒక్కడే మొగపిల్లగాడు. వంట చేసుడు, బట్టలు కుట్టుడు, ఇస్త్రీ చేసుడు అన్నీ ఇంట్లనే నేర్చిండు. ఆడితే క్వార్టర్‌బ్యాక్‌గనే ఆడుత అని చిన్నప్పుడే జిద్దు పట్టిండు. ఒక చిన్న జూనియర్ కాలేజీల ఏడాది ఆడినంక, 1975ల వాషింగ్టన్ యూనివర్సిటీ తీసుకున్నది. అక్కడ సొంత గ్రౌండ్‌ల సొంతోళ్లే కేకలేసి ఎగతాళి చేసిన్రు. మూడో ఏడు టీంను రోజ్ బౌల్ దాక తీస్కపోయిండు. 1978 జనవరి 2న మిషిగన్ మీద 27–20తోని గెలిచిన్రు, ఆ మ్యాచ్‌ల బెస్ట్ ప్లేయర్ మూనే.

ఎన్‌ఎఫ్‌ఎల్‌ల కొత్తోళ్లను టీంలు వంతులవారీగ తీసుకుంటయి. దాన్ని డ్రాఫ్ట్ అంటరు. 1978ల 28 టీంలు, 12 రౌండ్లు. 300 మందికి పైన తీసుకున్నరు. అండ్ల మూన్ పేరు లేదు. అంతకుముందే ‘జాగ మార్చుకో’ అని ఆయనకు చెప్పిన్రు, ఆయన వద్దన్నడు. గాలి ఎటు వీస్తుందో ముందే చూసుకొని, డ్రాఫ్ట్ కాకముందే కెనడాల ఎడ్మంటన్ టీంతోని ఒప్పందం చేసుకున్నడు. గా డ్రాఫ్ట్‌లనే డగ్ విలియమ్స్ అనే నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌ను టాంపా బే టీం మొదటి రౌండ్‌ల తీసుకున్న మాట గూడ నిజం. అంటే తలుపు పూరా మూసిలేదు, ఒక్క మనిషి దూరేంత సందు ఉన్నది.

కెనడా ఫుట్‌బాల్‌ల గ్రౌండ్ పెద్దది, దిక్కుకు 12 మంది, ఛాన్సులు మూడే. అందుకే బంతి ఇసురుడు ఎక్కువ. మూన్‌కు అది కలిసొచ్చింది. 1978 నుంచి 1982 దాక ఎడ్మంటన్ వరుసగ ఐదు గ్రే కప్పులు గెలిచింది. 1982ల ఒక్క సీజన్‌ల పాసులతోనే 5,000 గజాలు అందుకున్నడు, మరుసటేడు 5,648.

గప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ టీంలు ఆయన కోసం పోటీ పడ్డయి. 1984ల హ్యూస్టన్ ఆయిలర్స్ తీసుకున్నది. ఎడ్మంటన్‌ల ఆయనకు కోచ్‌గ ఉన్న హ్యూ క్యాంప్‌బెలే గప్పుడు హ్యూస్టన్ కోచ్. చెయ్యి అదే, తలకాయ అదే, మనిషి రంగు అదే. ఆరేండ్లు మాత్రం పోయినయి.

ఆ తర్వాత 17 సీజన్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌ల ఆడిండు. హ్యూస్టన్, మినెసోటా, సియాటిల్, కాన్సస్ సిటీ టీంలకు. 1990 డిసెంబర్ 16న కాన్సస్ సిటీ మీద ఒక్క మ్యాచ్‌ల 527 గజాలు ఇసిరిండు. అప్పటిదాక ఎన్‌ఎఫ్‌ఎల్‌ల అంతకన్నా ఎక్కువ చేసినోడు ఒక్కడే. ఆఖరి సీజన్‌ల వయసు 44. మొత్తం 49,325 గజాలు, 291 టచ్‌డౌన్ పాసులు. ఓటమి గూడ చెప్పాలె. 1993 జనవరిల బఫెలో మీద 35–3తోని ముందున్న మ్యాచ్‌ను హ్యూస్టన్ 41–38తోని పోగొట్టుకున్నది. సూపర్ బౌల్ ఆయనకు ఎన్నడూ అందలే. అయినా 2006ల హాల్ ఆఫ్ ఫేమ్‌ల కూసున్నడు. అండ్ల చేరిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఆయనే.

ఇంతదాక చదివి, ‘చూసిన్రా, టాలెంట్ ఉంటే ఎవడూ ఆపలేడు’ అని స్టేటస్ పెట్టేటోళ్లు ఉంటరు. నేను ఆ మాట ఒప్పుకోను. మూన్‌ను ఆపిన్రు, ఆరేండ్లు ఆపిన్రు. కెనడా అనే ఇంకో గ్రౌండ్ ఉన్నది గాబట్టి ఆయన పేరు మనదాక వచ్చింది. అది లేకుంటే ఆయన గూడ బ్రిస్కో లెక్క వేరే జాగల సర్దుకునేటోడే. ‘జాగ మార్చుకో’ అంటే తల ఊపి మారినోళ్లు ఎంతమందో లెక్క లేదు. వాళ్లల్ల ఎంతమంది మూన్‌లు ఉన్నరో ఏ రికార్డు బుక్కు చెప్పది. గెలిచినోని కథ చెప్పి, ఆపినోళ్ల తప్పును మాఫీ చేసుడు నాకు నచ్చది.

మారింది గూడ ఉన్నది. డగ్ విలియమ్స్ 1988 జనవరి 31న సూపర్ బౌల్‌ల ఒక్క రెండో క్వార్టర్‌లనే నాలుగు టచ్‌డౌన్ పాసులు ఇసిరి, డెన్వర్ మీద వాషింగ్టన్‌ను 42–10తోని గెలిపిచ్చిండు. 2023ల సూపర్ బౌల్‌ల రెండు దిక్కులా నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లే, పాట్రిక్ మహోమ్స్, జేలెన్ హర్ట్స్. గట్ల అవుడు అదే మొదటిసారి. అయితే పాత మాట పూరా పోలే. 2018 డ్రాఫ్ట్ అప్పుడు లమార్ జాక్సన్‌ను గూడ రిసీవర్‌గ మారితే మంచిదన్నోళ్లున్నరు. ఆయన వద్దన్నడు. 2019 సీజన్‌ల ఎంవీపీ అవార్డుకు 50 ఓట్లకు 50 ఆయనకే పడ్డయి.

తమ్ముడూ, చెల్లే, ఈ ఆట నువ్వు ఎన్నడూ ఆడకపోవచ్చు. కానీ ‘నీకు ఇది సెట్ గాదు, గా పని చూస్కో’ అనేటోళ్లు నీకు గూడ ఎదురొస్తరు. అండ్ల నీ మేలు కోరి చెప్పేటోళ్లు గూడ ఉంటరు. వాళ్లను ఒక్కటే అడుగు: ‘నేను చేస్తుంటే చూసి చెప్తున్నరా, చూడకముందే చెప్తున్నరా?’ చూసి చెప్తే జర ఇను. చూడకముందే చెప్తే, ఇంకో గ్రౌండ్ యాడుందో దేవులాడు.