తూటా మారితే గురి మారుతుందా?

ఎన్.సి.సి.లో చేరిన ప్రతి కుర్రవాడికీ ఏదో ఒక రోజున ఒక అనుమానం వస్తుంది. చేతిలో వున్నది పాయింట్ టూటూ రైఫిలు. పాతిక మీటర్ల దూరంలో పెట్టిన కాగితం మీద అయిదు గుండ్లూ రూపాయి బిళ్లంత చోట పడితే మనంతటి వాళ్లు లేరనిపిస్తుంది. ఆ వెంటనే పుట్టే ప్రశ్న - "యిదే రైఫిలుకి యింకా పెద్ద తూటా పట్టేట్టు చేస్తే అరకిలోమీటరు దూరాన్ని కొట్టలేమా?" నేను కేడెట్‌గా వున్న రోజుల్లో హాస్టలు వరండాలో యీ ప్రశ్న మీద అర్ధరాత్రి దాకా వాదించుకున్న సందర్భాలున్నాయి. అప్పుడు గొంతు పెద్దదైన వాడే నెగ్గేవాడు. ఫిజిక్సు కాస్త చదువుకున్నాక నాకు అర్థమైనంత వరకు సమాధానం యిది: తూటా మార్చినంత మాత్రాన గురి రాదు. తూటాతో పాటు మారవలసినవన్నీ సరిగా మారితేనే వస్తుంది.

ముందు నాలుగు మాటలు స్పష్టం చేసుకుందాం. తూటా అంటే గుండు ఒక్కటే కాదు. ఇత్తడి గొట్టం, దానిలో మందు, అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే ప్రైమరు, మూతి దగ్గర గుండు - యీ నాలుగూ కలిస్తే తూటా. అది కూర్చునే గదిని ఛాంబరు అంటారు. వెనకనుంచి గడియలా మూసి, పేలుడు తాకిడినంతా భరించేది బోల్టు. గుండు బయటికి పోయే దారి బ్యారెలు. దాని లోపలి గోడలో మెలికలు తిరిగిన గాడులుంటాయి. ఆ గాడులు గుండును పట్టి తిప్పుతాయి. తిరిగే బొంగరం పడిపోకుండా నిలబడ్డట్టే, తిరిగే గుండు గాలిలో పల్టీలు కొట్టకుండా ముక్కు ముందుకే పెట్టి పోతుంది. మన పాత త్రీనాట్ త్రీ రైఫిలు గాడులు పది అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. గుండు వేగం సెకనుకు సుమారు 744 మీటర్లు. లెక్క కడితే గుండు సెకనుకు 2,900 చుట్లు తిరుగుతుందన్నమాట!

ఇప్పుడు దూరం సంగతి. బ్యారెలు దాటిన క్షణం నుంచీ గుండు కిందికి పడుతూనే వుంటుంది, చేతిలోంచి జారిన జామకాయ పడ్డట్టే. గాలి లేదనుకుని ఇంటర్మీడియెట్ సూత్రంతో లెక్క వేద్దాం. సెకనుకు 744 మీటర్ల వేగంతో 500 మీటర్లు పోయేసరికి త్రీనాట్ త్రీ గుండు 2.2 మీటర్లు కిందికి దిగుతుంది. సైన్యాలు తర్వాత వాడిన 7.62 తూటా గుండు తేలిక. దీని బరువు సుమారు 9.5 గ్రాములైతే త్రీనాట్ త్రీది 11.3 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 838 మీటర్లు. అది అదే దూరానికి 1.75 మీటర్లు మాత్రమే దిగుతుంది. గాలి వుంటుంది కాబట్టి అసలు పతనం రెండింటికీ యింతకంటే ఎక్కువే.

"చూశావా, కొత్త తూటాయే మేలు!" అని మా వరండా మిత్రులు అనేవారు. తొందరపడకూడదు. ఎంత దిగుతుందో తెలిస్తే సైటు అంత ఎత్తి కొట్టవచ్చు. తంటా అంతా ఒక్కోసారి ఒక్కోలా దిగడంతోనే. ఒక తూటా గుండు మరొక దానికంటే నూటికి ఒక వంతు నెమ్మదిగా పోయిందనుకోండి. 100 మీటర్ల దగ్గర ఆ తేడా కంటికి ఆనదు. 1,000 మీటర్ల దగ్గర గాలి లేని లెక్కలోనే దాదాపు జానెడు కిందికి పడుతుంది. కాబట్టి దూరపు గురికి కావలసింది వేగం కంటే ముందు ఏకరూపత. ప్రతి తూటాలో మందు ఒకేలా వుండాలి, ప్రతి గుండూ ఒకే తీరున వుండాలి, ప్రతిసారీ బ్యారెలు ఒకే విధంగా కదలాలి.

త్రీనాట్ త్రీని 7.62కు మార్చిన చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. నేటో దేశాలు 1954లో 7.62 తూటాను ప్రమాణంగా తీసుకున్నాయి. పాతదానికి అడుగున పళ్లెం అంచులాంటి రిమ్ము వుంటుంది, కొత్తదానికి అలా పొడుచుకు వచ్చిన అంచు లేదు. పాత ఇత్తడి గొట్టం పొడవు 56 మిల్లీమీటర్లు, కొత్తది 51. గుండు మందంలో తేడా అంగుళంలో వెయ్యింట మూడు వంతులే. చూడడానికి తల వెంట్రుకంత! అయినా సన్న గుండు లావు బ్యారెల్లో పోతే గాడులు దాన్ని సరిగా పట్టవు, మందు వాయువు పక్కలనుంచి జారిపోతుంది. లావు గుండును సన్న బ్యారెల్లో పేలిస్తే వొత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కనుక బ్యారెలు మారాలి, దానితో ఛాంబరూ మారుతుంది. రిమ్ము లేదు కాబట్టి ఖాళీ గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం మారాలి. గొట్టం పొట్టిదైంది కాబట్టి మ్యాగజైను మారాలి (మన సంఘం వేసేది కాదు లెండి). కొత్త తూటా వొత్తిడి ఎక్కువ కాబట్టి బోల్టు, బాడీ ఆ బరువు మోయగలవో లేదో పరీక్షించాలి.

ఇంగ్లండులో యీ పని చేసి తయారు చేసిందే ఎల్42ఎ1 రైఫిలు. రెండో ప్రపంచయుద్ధం నాటి స్నైపర్ లీ-ఎన్‌ఫీల్డులను 1970ల తొలి సంవత్సరాల్లో 7.62కు మార్చారు. బరువైన కొత్త బ్యారెలు వేశారు, అది ముందు భాగాన కర్రకు తగలకుండా వదిలేశారు, గాడుల మెలికను పన్నెండు అంగుళాలకు ఒక చుట్టుగా పెట్టారు, టెలిస్కోపు సైటును కొత్త తూటా పతనానికి తగ్గట్టు సవరించారు. 1982 ఫాక్లండ్స్ యుద్ధంలో బ్రిటిష్ స్నైపర్లు వాడింది యిదే. ఇన్ని మార్పుల జాబితాలో తూటా ఒకటి మాత్రమేనని గమనించండి.

ఇందులో యింకో చిత్రం వుంది. లీ-ఎన్‌ఫీల్డు బోల్టు వెనక భాగాన బిగుసుకుంటుంది. అందువల్ల పేలినప్పుడు బాడీ కొద్దిగా వంగి బ్యారెలు మూతి పైకి వూగుతుంది. నెమ్మది గుండు కాస్త ఆలస్యంగా బయటపడుతుంది, అప్పటికి మూతి మరికాస్త పైకి లేచి వుంటుంది. అంటే దూరంలో ఎక్కువ దిగవలసిన గుండు కొంచెం ఎత్తుగా బయలుదేరుతుంది. తేడా చాలావరకు సర్దుకుపోతుంది. అందుకే దగ్గర పోటీల్లో గట్టి బోల్టున్న రైఫిళ్లకు వెనకబడే యీ పాత తుపాకీని 1,000 గజాల పోటీల్లో ఇంగ్లండు గురికాళ్లు యిష్టపడేవారు. లోపమనుకున్నదే అక్కడ గుణమైంది! బరువైన బ్యారెలు వేసి తూటా మారిస్తే ఆ వూపు మారిపోతుంది, పాత సర్దుబాటు మీద ఆధారపడడానికి వీల్లేదు. ఒకటి మార్చబోతే మనకు తెలియకుండా యింకొకటి మారుతుందనడానికి యింతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మన దేశంలో దారి వేరు. 1962 యుద్ధంలో మన సైనికుల చేతుల్లో వున్నది ప్రధానంగా త్రీనాట్ త్రీ. ఆ తర్వాత బెంగాలులోని ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే నమూనాలో 7.62కు పనికొచ్చే 2ఎ రైఫిలును తయారు చేసింది. పాత రైఫిళ్లకు రంధ్రం పెద్దది చేసి యిచ్చినవని కొందరు అనుకుంటారు. కాదు, మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసినవే. అక్కడ ఉద్దేశం దూరపు గురి కాదు, సైన్యమంతటికీ ఒకే తూటా సరఫరా. ఆ తర్వాతి 2ఎ1లో సైటు మీది దూరాన్ని 2,000 నుంచి 800కు తగ్గించారంటేనే సంగతి తెలుస్తోంది కదా! వేట రైఫిలు విషయంలో కారణం యింకా వేరు. సైనిక తూటా పౌరుల దగ్గర వుండకూడదన్న నిబంధన వల్ల అదే లీ-ఎన్‌ఫీల్డు బాడీ మీద .315 బోరు రైఫిలు వచ్చింది. మొదట చెప్పిన పాయింట్ టూటూ సంగతి కూడా యిలాంటిదే. త్రీనాట్ త్రీ రైఫిళ్లనే చిన్న తూటాకు మార్చి శిక్షణకు వాడారు, తూటా ఖర్చు తగ్గుతుందని, చిన్న రేంజి చాలునని. అంటే తూటా మార్పు వెనక ఒక్కోసారి చట్టం, ఒక్కోసారి సరఫరా, ఒక్కోసారి డబ్బు వుంటాయి. గురి వాటిలో ఒకటి మాత్రమే.

ఇక అసలు మాట. యీ పని ఎవరో లేతు మిషను వాడికి అప్పగించి చేయించుకోదగ్గది కాదు. తూటా పేలినప్పుడు బోల్టుకూ కాల్చేవాడి కంటికీ మధ్య దూరం కొన్ని అంగుళాలే. బోల్టు ఓడిందంటే మొదట పోయేది ఆ కన్ను. ఫ్యాక్టరీల్లో మామూలు కంటే ఎక్కువ వొత్తిడి తూటాలు పేల్చి, తట్టుకున్న తర్వాతే ముద్ర వేసేది అందుకే. మన ఆయుధాల చట్టం, 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని తయారు చేయడమే కాదు, మార్చడమూ మరమ్మతు చేయడమూ కూడా నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట పేరు చెప్పుకునే వీలు కూడా పోయింది.

గురి మీద నిజంగా మనసున్న మిత్రులకు దారులు మూసుకుపోలేదు. హైదరాబాదు నుంచి వెళ్లిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిలుతో. అందులో మందూ లేదు, ఇత్తడి గొట్టమూ లేదు, గాలి తోసే చిన్న సీసపు గుండు మాత్రమే. మన ఎన్.సి.సి. రేంజిలో వున్న పాత టూటూ కూడా చాలు. ఊపిరి ఆపే తీరు, భుజానికి ఆనించే తీరు, ట్రిగ్గరు నొక్కే తీరు అయిదు సార్లూ ఒక్కలాగే చేసి చూడండి. పెద్ద తూటా మాట తర్వాత మాట్లాడుకోవచ్చు.